ముఖానికి గ్రీన్, గడ్డం కింద ఎరుపు: ఔట్‌డోర్ పోర్ట్రెయిట్లలో రంగు ఎక్కడి నుంచి పడుతుంది

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద ఒక జంటను తీశావు, ముఖాలకు గ్రీన్ కొడుతోంది. ఎడిటింగ్‌లో టింట్ స్లైడర్‌ను (గ్రీన్‌కీ మెజెంటాకీ, అంటే ఊదా కలిసిన గులాబీకీ మధ్య రంగు జరిపేది) మెజెంటా వైపు జరిపితే ముఖం దారికొస్తోంది కానీ అబ్బాయి తెల్లపంచె పింక్ అయిపోతోంది. అదే జంటను గండికోటలో మధ్యాహ్నం తీస్తే గడ్డం కింద, ముక్కు కింద ఎర్రగా, నుదురు మాత్రం బాగానే ఉంది. కెమెరా మార్చాలా, లెన్స్ మార్చాలా అని అడిగావు.

రెండూ వద్దు. నీ కెమెరా సరిగ్గానే పనిచేసింది, అక్కడ ఉన్న రంగునే పట్టింది. వైట్ బ్యాలెన్స్ అనేది తెలుపు తెల్లగా కనిపించేలా ఫొటో మొత్తానికి చేసే ఒకే సర్దుబాటు. ముఖం మీద పడే వెలుగు మాత్రం ఒకటి కాదు. పైనుంచి ఒకటి, కింద నేల నుంచి ఒకటి, పక్కనున్న గోడ నుంచో చీర నుంచో ఇంకొకటి వస్తాయి, దేని రంగు దానిదే. ఇన్ని రంగుల్ని ఒక్క స్లైడర్‌తో సరిచేయబోతే ఒకచోట బాగుపడి ఇంకోచోట చెడుతుంది. నీ పంచె పింక్ అవడానికి కారణం ఇదే. అందుకే ఎడిటింగ్ సంగతి తర్వాత చెప్తా, ముందు స్పాట్‌లో చేయాల్సింది చూడు.

షూట్‌కి వెళ్ళినప్పుడు కెమెరా బయటికి తీయకముందే, జంటను ఎక్కడ నిలబెట్టాలనుకున్నావో అక్కడ నువ్వు నిలబడు. వాళ్ళు ఎటు చూస్తారో అటు చూడు. తర్వాత తల వంచి కిందకి, ఎత్తి పైకి, ఇటూ అటూ చూడు. నీ కళ్ళకు ఏవేవి కనిపిస్తున్నాయో అవన్నీ ఆ ముఖానికి లైట్లే. ఎండ పడుతున్న పచ్చగడ్డి కనిపిస్తే అది గ్రీన్ లైటు, ఎండలో ఎర్రమట్టి కనిపిస్తే అది నారింజ రంగు లైటు, నీలాకాశం కనిపిస్తే అది నీలం లైటు. మనలో చాలామంది ఫొటోగ్రాఫర్ నిలబడే చోటి నుంచే చూస్తారు. అక్కడి నుంచి కనిపించేది బ్యాక్‌గ్రౌండ్. ముఖానికి రంగు వేసేది బ్యాక్‌గ్రౌండ్ కాదు, ముఖానికి ఎదురుగా ఉన్నది. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే నీ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఇంకో సంగతి, కంటిని నమ్మొద్దు. చెట్టు కింద కాసేపు ఉంటే మన కళ్ళు ఆ గ్రీన్‌కి అలవాటు పడిపోతాయి, అంతా మామూలుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక తెల్లకాగితం తీసుకుని ముఖం ఉండే ఎత్తులో పట్టుకో. ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నేల వైపు, ఒకసారి చెట్టు వైపు తిప్పి, వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత, వెలుగుకి ఈ అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) దగ్గర ఫిక్స్ చేసి మూడు ఫొటోలు కొట్టు. స్క్రీన్ మీద ఆ మూడు కాగితాలూ మూడు రంగుల్లో ఉంటే అక్కడ తీసే ముఖంలో కూడా ఆ మూడు రంగులూ ఉంటాయి.

ఇప్పుడు మర్రిమాను సంగతి. అంత పెద్ద చెట్టు, మధ్యలోకి వెళ్ళేకొద్దీ ఆకాశం కనిపించదు. పైనుంచి వచ్చే వెలుగు ఆకుల్లోంచి వడగట్టుకుని దిగుతుంది, ఆకుల మీద పడి తుళ్ళి వస్తుంది, అంతా గ్రీనే. దానికి తోడు ఆకుల సందుల్లోంచి పడే ఎండపొడలు ఉంటాయి, అవి నేరుగా ఎండ కాబట్టి వాటి రంగు వేరు. బుగ్గ మీద ఒక ఎండపొడ, పక్కనే గ్రీన్ నీడ పడితే ఆ ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. అందుకని లోపలికి వెళ్ళొద్దు. ఊడలు, మాను వెనక కనిపించాలంటే వాళ్ళను నీడ అంచుకు తీసుకురా, ముఖాలు బయట ఆరుబయలు వైపు తిరిగేలా నిలబెట్టు, నువ్వు బయట ఎండలో నిలబడి లోపలికి తియ్యి. అప్పుడు ముఖానికి ఎదురుగా ఉండేది ఆకులు కాదు, ఆకాశం. గ్రీన్ దాదాపు పోతుంది, చెట్టు అంతా బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంటుంది, పైగా కళ్ళలో మెరుపు వస్తుంది. చింతతోపులో అయినా, మామిడి తోటలో అయినా, ఊళ్ళో వేపచెట్టు కింద అయినా ఇదే పద్ధతి.

పచ్చని వేరుశనగ చేలో తీసేటప్పుడు గ్రీన్ పైనుంచి కాదు, కింద నుంచి కొడుతుంది. నిలబడ్డవాళ్ళకు దవడ కింద, మెడ మీద కనిపిస్తుంది, కూర్చోబెడితే ముఖమంతా వస్తుంది. ఫ్రేములోకి రాని చోట, వాళ్ళ ముందు నేల మీద తెల్ల దుప్పటి పరిచేస్తే సరిపోతుంది. పొద్దుతిరుగుడు, బంతి తోటల్లో కూడా ఇంతే, కాకపోతే అక్కడ ఎల్లో. రైతును అడిగి, పైరు మీద కాకుండా గట్టు మీద పరుచు, పంట నలిపేసి ఫొటోలు తీయడం మంచిది కాదు.

గండికోటలో నీకు జరిగింది ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. మధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉంటుంది, నుదుటికీ ముక్కు మీదా నేరుగా ఎండే పడుతుంది, అది సుమారు 5500 కెల్విన్ తెలుపు. కనుగుంటలు, ముక్కు కింద, గడ్డం కింద నీడ. ఆ నీడలోకి వెలుగు ఎక్కడి నుంచి రావాలి? కింద ఎండలో మండుతున్న ఎర్రటి రాయి, ఎర్రమట్టి నుంచే. అందుకే నుదురు బాగుంది, గడ్డం కింద ఎరుపు. నేల చాలా విశాలంగా ఉంటుంది కాబట్టి వాళ్ళను ఇటు రెండడుగులు, అటు రెండడుగులు జరిపితే మారదు. వాళ్ళ ముందున్న నేలనే మార్చాలి. తెల్ల దుప్పటి వేయొచ్చు కానీ మిట్టమధ్యాహ్నం తెల్లదుప్పటి మీద ఎండ పడితే కింద నుంచి వెలుగు మరీ ఎక్కువై ముఖం వింతగా తయారవుతుంది. అప్పుడు నల్ల దుప్పటి వెయ్యి, ఎర్ర వెలుగు ఆగిపోతుంది. నీడలు ముదురుతాయి, వాటికి పక్కనుంచి తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకో.

ఇక్కడ మన జిల్లాల వాళ్ళకు ఒక అదృష్టం ఉంది, ఎక్కడ చూసినా బండపరుపులే. కడప బండలు, బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు, వీటిలో బూడిద రంగు, నలుపు రకాలు ఉన్నాయి చూడు, పోర్ట్రెయిట్‌కి అవి చాలా మంచి నేల. వాటికి సొంత రంగు దాదాపు లేదు, ముఖం మీదకి ఏ రంగూ తోయవు. పాత గుడి ప్రాంగణంలో, పాత ఇంటి అరుగు మీద అలాంటి బండలుంటే వాళ్ళను అక్కడ నిలబెట్టు. నల్లరేగడి చేను కూడా అలాంటిదే, నంద్యాల వైపు, జమ్మలమడుగు వైపు దున్నిన రేగడి పొలంలో తీసిన ముఖాలు, అనంతపురం ఎర్రనేలలో తీసిన ముఖాలు పక్కపక్కన పెట్టి చూస్తే దవడ దగ్గర తేడా తెలిసిపోతుంది.

ఎర్రగోడ ఉందనుకో, కోట గోడ లాంటిది, దాని మీద ఎండ పడుతోంది, జంట దానికి ఎదురుగా నీడలో ఉన్నారు. అప్పుడు ముఖమంతా ఒకే రంగు కొడుతుంది. ఇది గడ్డం కింద ఎరుపు కంటే నయం, ఎందుకంటే ముఖానికి వచ్చే వెలుగు దాదాపు ఒకటే కాబట్టి వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయొచ్చు, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం కాస్త నీలంగా మారుతుంది. సాయంత్రం గండికోటలో నేనైతే దాన్ని తీసేయను కూడా, సగం ఉంచుతా. ఆ రాయి రంగు, పొద్దుగూకే ఎండ కలిసి ముఖం మీద పడటమే అక్కడికి వెళ్ళినందుకు దక్కేది. కలర్ కాస్ట్, అంటే ఇలా ముఖం మీద పడే పరాయి రంగు, ప్రతిసారీ తప్పు కాదు. చూసేవాళ్ళకు ఆ రంగు ఎక్కడిదో ఫొటోలోనే కనిపిస్తుంటే అది అందం, కారణం కనిపించకుండా బుగ్గ మీద పాకుడు పట్టినట్టు కనిపిస్తే అది జబ్బు.

నీడలో నీలం గురించి అడగలేదు కానీ చెప్పాలి, రాయలసీమలో ఆకాశం ఏడాదిలో ఎక్కువ రోజులు నిర్మలంగా ఉంటుంది కాబట్టి ఇది మనకు రోజూ ఉండేదే. ఎండలో వెలుగు 5200 నుంచి 5600 కెల్విన్ దగ్గర ఉంటే, నీలాకాశం కింద నీడలో 7000, 8000 దాకా పోతుంది. కెమెరాలో షేడ్ అనే సెట్టింగ్ ఉన్నది దీనికోసమే. అది పెడితే ముఖం కుదురుతుంది, వెనకున్న ఎండ మాత్రం పసుపు తిరుగుతుంది. రెండింటిలో ఏది కావాలో నువ్వే తేల్చుకోవాలి, నేనైతే ఎప్పుడూ ముఖం వైపే ఉంటా.

మన చర్మం విషయంలో ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చామనఛాయ, నలుపు చర్మం మీద నూనె, చెమట వల్ల వచ్చే మెరుపు స్పష్టంగా కనిపిస్తుంది, ఆ మెరుపు చర్మం రంగులో ఉండదు, ఎదురుగా ఉన్న వెలుగు రంగులోనే ఉంటుంది. నీడలో తీస్తే నుదుటి మీద, బుగ్గ ఎముక మీద నీలం మచ్చలా కనిపించేది అదే. వైట్ బ్యాలెన్స్ వెచ్చగా చేస్తూ పోతే ఆ మచ్చ పోయేలోపు మిగతా చర్మం నారింజ అయిపోతుంది. దానికి మందు మెత్తటి బట్టతో ముఖం అద్దడం, కొద్దిగా పౌడరు. తుడవొద్దు, అద్దాలి. మే నెలలో అయితే ప్రతి పోజుకు ముందు అద్దించు.

ఇక బట్టలు. ధర్మవరం పట్టుచీర, ఎర్రది కానీ రాణీ రంగుది కానీ, ఎండ నేరుగా పడితే అదే పెద్ద లైటు. పెళ్ళికూతురు తల కొంచెం వంచి చూడమని మనమే అంటాం, తల వంచేసరికి గడ్డం కింద, దవడ మీద ఎర్రగా వెలుగుతుంది. అబ్బాయి పక్కనే భుజం తగిలేలా నిలబడితే ఆ చీర రంగు అతని తెల్లచొక్కా మీదకి, చెంప మీదకి వస్తుంది. పక్కనున్న వస్తువు నుంచి వచ్చే రంగు దూరంతో వేగంగా తగ్గుతుంది. ఒక జానెడు ఎడం పెడితే తేడా కనిపిస్తుంది, రంగు గోడకు ఆనుకుని ఉన్నవాళ్ళను ఐదారు అడుగులు ముందుకు తెస్తే చాలావరకు పోతుంది. చీర మీద నేరుగా ఎండ పడకుండా ఎవరిచేతైనా నీడ పట్టిస్తే ఇంకా మంచిది. ఎర్ర పట్టును తీసేటప్పుడు హిస్టోగ్రాంలో (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్, కుడివైపు ఎక్కువ వెలుగు) రెడ్ ఛానల్ విడిగా చూసుకో, మొత్తం ఎక్స్‌పోజర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తూ రెడ్ ఒక్కటే కుడిగోడకు తగిలి పోతుంది, ఆ తర్వాత జరీ పక్కన పట్టు మడతలు కనిపించవు. సాయంత్రపు ఎండలో చర్మానికి కూడా ఇదే గండం.

నలుగు, హల్దీ ఫంక్షన్లలో ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టొద్దు. ఫ్రేమంతా పసుపు బట్టలు, బంతిపూలు, పసుపు పూసిన ముఖాలు ఉంటే కెమెరా అదేదో తప్పు వెలుగు అనుకుని నీలం కలిపేస్తుంది, పసుపు బూడిదగా మారుతుంది. పక్క ఫ్రేములోకి ఒక తెల్లచొక్కా వస్తే మళ్ళీ మారుతుంది. ఒక ఫంక్షన్‌లో రెండొందల ఫొటోలు రెండొందల రంగుల్లో ఉంటే ఎడిటింగ్‌లో నీ ప్రాణం పోతుంది. పసుపు పూయకముందే గ్రే కార్డుతో (ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట) కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకుని ఫిక్స్ చెయ్యి.

గ్రే కార్డు ఎలా పట్టుకుంటున్నారో చూస్తే చాలామందికి అది ఎందుకు పనిచేయట్లేదో తెలుస్తుంది. పొట్ట దగ్గర, ఆకాశం వైపు వంచి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే అది ఆకాశం రంగునే చెబుతుంది. ముక్కు ముందు, ముఖం ఎటు తిరిగి ఉందో కార్డు కూడా అటే తిరిగి, అంతే నిటారుగా ఉండాలి. ముఖంలో ఎక్కువ భాగానికి పడే వెలుగుని అది సరిచేస్తుంది, గడ్డం కింద ఎరుపుని సరిచేయలేదు, అది దాని పని కాదు.

కార్డు లేదని ఎడిటింగ్‌లో పంచె మీద ఐడ్రాపర్ (ఇది తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కి చూపించే టూల్) నొక్కే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది.  మన తెల్లబట్టలకు నీలిమందు పెడతారు, కొత్త బట్టలకు, సబ్బు పొడులకు అతినీల లోహిత కిరణాలు తగిలితే నీలంగా మెరిసే రసాయనాలు కూడా ఉంటాయి. అంటే ఎండలో ఆ పంచె నిజంగానే కొంచెం నీలం. దాన్ని తెలుపు అని చెబితే సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని తీసేయడానికి ఫొటో మొత్తాన్ని పసుపు చేస్తుంది. టిష్యూ పేపర్, విజిటింగ్ కార్డు వెనకవైపు కూడా ఇంతే. కార్డు కొనలేకపోతే బూడిద రంగు కడప బండ ముక్క ఒకటి, పాలిష్ లేనిది, బ్యాగులో వేసుకో. గ్రే కార్డంత కచ్చితం కాదు కానీ పంచె కంటే నమ్మకమైనది.

పగటి పెళ్ళిళ్ళలో రంగు షామియానా ఉంటే అది అన్నిటికంటే కష్టం. ఎర్ర, పసుపు గుడ్డలోంచి దిగిన వెలుగులో నీలం చాలావరకు ఉండదు. లేని రంగును వైట్ బ్యాలెన్స్ పుట్టించలేదు, బ్లూ ఛానల్‌లో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) మాత్రం మిగులుతుంది. బుకింగ్ మాట్లాడేటప్పుడే పెద్దవాళ్ళకు చెప్పు, మండపం మీద మాత్రం పైన తెల్లగుడ్డ వేయించమని. ఖర్చులో తేడా పెద్దగా ఉండదు, ఫొటో చూపించి చెబితే ఒప్పుకుంటారు. వేయించలేదా, గ్రూపు ఫొటోలకు, జంట ఫొటోలకు వాళ్ళను పందిరి అంచుకు తెచ్చి బయటికి చూసేలా నిలబెట్టు, లోపల మాత్రం ఫ్లాష్‌తో నెగ్గుకురా.

ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్ ఉంటుంది. చెట్టు కింద సాఫ్ట్‌బాక్స్‌తో (ఫ్లాష్ వెలుగును మెత్తగా చేసే తెల్లగుడ్డ పెట్టె) ముఖానికి ఎదురుగా ఇస్తే గ్రీన్‌ని మింగేస్తుంది. పొద్దుగూకే వేళ అదే ఫ్లాష్ చల్లగా, అతికించినట్టు కనిపిస్తుంది, అప్పుడు పావు లేదా అర సీటీఓ జెల్ (ఫ్లాష్ ముందు పెట్టే నారింజ రంగు ఫిల్టర్) పెట్టుకో. బంగారు రంగు రిఫ్లెక్టర్‌ను మాత్రం మిట్టమధ్యాహ్నం ముఖం మీదకి తిప్పొద్దు, డబ్బులిచ్చి కలర్ కాస్ట్ కొనుక్కున్నట్టే. తెల్లది చాలు.

ఇప్పుడు నీ దగ్గరున్న ఫొటోలు. రా ఫైళ్ళు (కెమెరా పట్టిన సమాచారమంతా ఉండేవి) ఉంటే చాలావరకు వస్తాయి, జేపెగ్ మాత్రమే ఉంటే కొంతవరకే. మర్రిమాను ఫొటోల్లో ముందు టింట్‌ను పంచె బాగుండే చోటికి వెనక్కి తెచ్చి వదిలెయ్యి. తర్వాత లైట్‌రూమ్‌లో ముఖం, మెడ, చేతులకు మాస్క్ వేసి (మార్పు అక్కడికే పరిమితమయ్యేలా ఎంచుకుని), ఆ మాస్క్‌లో మాత్రమే టింట్ మెజెంటా వైపు కొద్దికొద్దిగా జరుపు. కర్సర్‌ను బుగ్గ మీద పెట్టి ఆర్‌జీబీ (రెడ్, గ్రీన్, బ్లూ) అంకెలు చూడు. చర్మంలో మామూలుగా రెడ్ అన్నిటికంటే ఎక్కువ, తర్వాత గ్రీన్, అందరికంటే తక్కువ బ్లూ ఉంటుంది, తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా వరుస ఇదే. గ్రీన్ రెడ్‌ను అందుకుంటుంటే ఇంకా గ్రీన్ కొడుతున్నట్టు. బ్లూ వచ్చి గ్రీన్‌ను దాటితే నువ్వు మెజెంటా ఎక్కువ చేసినట్టు, లేదా నీడ నీలం మిగిలినట్టు. చేతుల్ని మర్చిపోకు, ముఖం ఒక రంగు, భుజం మీద వేసిన చెయ్యి ఇంకో రంగు ఉంటే ఎవరికైనా కనిపించేస్తుంది.

గండికోట ఫొటోలకు ఫొటోషాప్ మంచిది. కొత్త లేయర్ తీసుకుని బ్లెండ్ మోడ్‌ను (పై లేయర్ కింది ఫొటోతో కలిసే పద్ధతి) కలర్‌కి మార్చు. నుదురు బాగుందన్నావు కదా, అక్కడ మెరుపు లేని చోటి నుంచి రంగు తీసుకుని, మెత్తటి బ్రష్‌తో 10, 15 శాతం ఫ్లోలో దవడ కింద, ముక్కు కింద మెల్లగా పుయ్యి. వెలుగునీడలు అలాగే ఉంటాయి, రంగు మాత్రం మారుతుంది. చివర్లో ఆ లేయర్ ఒపాసిటీ తగ్గించి కొంచెం వెచ్చదనం ఉంచు, ఎర్రరాయి మీద నిలబడ్డ మనిషికి కింద అసలు రంగే లేకపోతే ముఖం అతికించినట్టుంటుంది.

హెచ్‌ఎస్‌ఎల్‌లో (ఒక్కో రంగును విడిగా సర్దే ప్యానెల్) ఎల్లో, గ్రీన్ సాచురేషన్, అంటే రంగు గాఢత, తగ్గించేసి గ్రీన్ పోయిందనుకునే పద్ధతి వద్దు. దాంతో చెట్టు ఎండిపోయినట్టు అవుతుంది, అమ్మాయి మెళ్ళో పసుపుతాడు, తల్లో పూలు కూడా వెలిసిపోతాయి. ఇంకా పెద్ద మాట, ‘కాస్త ఫెయిర్ చెయ్యన్నా’ అని అడుగుతారు, రంగు సరిచేసే పేరుతో అమ్మాయి చర్మాన్ని సున్నం కొట్టినట్టు చెయ్యకు. గ్రీన్ తీసేస్తే చామనఛాయ ఎంత అందంగా నిలబడుతుందో ముందు అది చేసి చూపించు, అడిగినవాళ్ళు ఆ ఫొటోనే ఎంచుకుంటారు.

ఎడిటింగ్‌కి కూర్చునే ముందు కంప్యూటర్‌లో నైట్ లైట్ (స్క్రీన్‌ను పసుపుగా మార్చే సెట్టింగ్) ఆపు. స్టూడియో గోడలు ఆకుపచ్చో గులాబీ రంగో ఉంటే స్క్రీన్ వెనక గోడకైనా బూడిద రంగు వేయించు. ఆల్బమ్‌కి పంపేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ అనే కలర్ ప్రొఫైల్‌లో పంపు, మొత్తం ఆర్డర్ ఇచ్చేముందు మర్రిమాను ఫొటో ఒకటి, గండికోట ఫొటో ఒకటి చిన్న సైజులో టెస్ట్ ప్రింట్ వేయించి పగటి వెలుగులో పట్టుకుని చూడు, ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్ కింద కాదు. ఆ ప్రింట్లలో దవడ దగ్గర ఇంకా తేడా కనిపిస్తే, ముందు, తర్వాత రెండు ఫైళ్ళూ పెట్టు, ఏ మాస్క్ ఎంత జరపాలో చూసి చెప్తా.